నూలు ఎవరిది? - అశోక్ చౌక్ మగ్గములను గూర్చిన రెండు అభిప్రాయముల విమర్శ

షోలాపురమున తూర్పుభాగమందలి అశోక్ చౌక్‌లో సాయంకాలము కూడి మాటలాడుకొను తెలుగు నేతగాండ్రలో యంత్రమును గూర్చి రెండు అభిప్రాయములు చిరకాలమునుండి వాడుకలో ఉన్నవి. పెద్దల అభిప్రాయ మిది: గుంటమగ్గము నాటి సాలెవాడు తన యింట తాను రాజు, కోడికూతకు కూర్చుండినను, ప్రొద్దెక్కి కూర్చుండినను అడుగువాడు లేడు, మరమగ్గము వచ్చి వానిని గడియారమునకును, కరెంటునకును, యజమాని కంటికిని బానిసను చేసినది. చిన్నవారి అభిప్రాయ మిది: గుంటలో కాళ్లు పెట్టి, నడుము వంచి, జీవితమంతయు నేసిన తాతకు కడుపు నిండలేదు, మరమగ్గము వచ్చిన పిమ్మటనే పిల్లలకు బడియు, ఇంటికి మంచి కప్పును కలిగినవి, దానిని నిందించుట కృతఘ్నత. ఈ రెండును ఒకదానికొకటి విరుద్ధములవలె కనబడును. కాని రెండింటికిని అడుగున ఉన్న నమ్మకము ఒక్కటియే. మనుష్యుని స్వేచ్ఛను తీసివేసినను, తెచ్చి యిచ్చినను, అది యంత్రము చేసిన పనియే యని ఇరువురును తలచుచున్నారు. పరీక్షింపదగినది ఆ నమ్మకము.

మొదట పెద్దల మాట. నిజాము రాజ్యమందలి కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము ప్రాంతములనుండి పద్మశాలి కుటుంబములు తరతరములుగా షోలాపురమునకు తరలివచ్చినవి. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి ఈ రాక అధికమైనది. వారు వెంట తెచ్చుకొన్న ఆస్తి చేతిలోని విద్య. 1877లో పట్టణమున మొదటి మిల్లు పని ప్రారంభించినది. జనుల నోట 'జూనీ మిల్లు' అని నిలిచినది అదియే. చేమగ్గమునకు మిల్లు శత్రువని చెప్పుట పరిపాటి. షోలాపురమున ఆ మాట సగమే నిజము. ఇచటి చేమగ్గము మిల్లునూలు మీదనే బ్రతికినది. రాట్నముపై వడికిన నూలుతో ఇంత పెద్ద నేతపట్టణమును నడపుట ఆనాటికే అసాధ్యమై యుండెను. అనగా గుంటలో కూర్చుండినవాని కాళ్లు తన నేలమీదనే ఉన్నను, పడుగు మాత్రము పరుల యింటినుండియే వచ్చుచుండెను.

దీనికి సాక్ష్యము కలదు. పూనాలోని గోఖలే సంస్థ 1947లో ఆర్. జి. కాకడే గారి గ్రంథమును ప్రకటించినది. షోలాపుర నేతకులముల సాంఘికార్థిక స్థితిని పరిశీలించినది ఆ గ్రంథము. మరమగ్గము ఈ పట్టణమును ఆక్రమింపక పూర్వపు స్థితిని చూచి వ్రాసినది కనుక దానికి విలువ హెచ్చు. నాటి చేనేతగాండ్రందరును ఒక్క తరగతివారు కారు. నూలు తామే కొని, చీర తామే అమ్ముకొనువారు కొందరు. షావుకారు నూలు తెచ్చుకొని, ఇంట నేసి, బట్టను అతనికే అప్పగించువారు కొందరు. సొంత మగ్గమే లేక, కార్ఖానాదారుని సాలలో అతని మగ్గముపై కూలికి కూర్చుండువారు మరికొందరు. 'తన యింట తాను రాజు' అన్న మాట మొదటి తరగతికి కొంత చెల్లును. రెండవదానికి చాల తక్కువ చెల్లును. మూడవదానికి బొత్తిగా చెల్లదు. ముందుగా తీసికొన్న బాకీ తీరువరకు కార్ఖానా మారుటకు వీలులేని మనుష్యుడు, ఎన్ని గంటలకు లేచినను, రాజు కాడు.

పెద్దలు చెప్పు గతము అబద్ధమని దీని యర్థము కాదు. జ్ఞాపకము తన యింటి మంచి దినములను దాచుకొని తక్కినవానిని జారవిడుచును; అది దాని స్వభావము. ఇచట ఒక చిన్న విషయము గమనింపదగినది. త్రాడు లాగినచో తానే పరుగెత్తు నాడెను ఇంగ్లండులో జాన్ కే 1733లో కనిపెట్టెను. అది షోలాపురమునకు 20వ శతాబ్దపు తొలి దశాబ్దములలో వచ్చి, నేతగాని దిన ఉత్పత్తిని బాగుగా పెంచినది. అదియును యంత్రమే. కాని చేతితో నాడె విసరిన కాలమును తలచుకొని అశోక్ చౌక్‌లో ఎవరును నిట్టూర్చరు. తాత కాలమున వచ్చినది పనిముట్టు, తన కాలమున వచ్చినది యంత్రము అని లోకము లెక్కించును కాబోలు.

యంత్రమును గూర్చి దేశమంతట నాటుకొనిన అభిప్రాయము గాంధీగారిది. 1909లో ఓడమీద పోవుచు గుజరాతీలో వ్రాసిన 'హింద్ స్వరాజ్' నందు ఆయన యంత్రములను, ముఖ్యముగా బొంబాయి మిల్లులను, తీవ్రముగా ఖండించెను. ఆ గ్రంథము వ్రాయునాటికి తాను మగ్గమును గాని రాట్నమును గాని చూచినట్లు జ్ఞాపకము లేదని ఆత్మకథలో ఆయనయే నిష్కపటముగా ఒప్పుకొనెను. నేతగాండ్ర పట్టణములో ఈ వాక్యము చదువువారికి చిరునవ్వు రాక మానదు. కాని నవ్వి విడిచిపెట్టదగిన గ్రంథకర్త కాడాయన. ఆశ్రమమున మగ్గములు పెట్టి, మిల్లునూలుతో నేత ప్రారంభించిన పిమ్మట ఆయనకు తెలిసిన సంగతి మరియొకటి: చేనేతగాడు మిల్లునూలు వాడినంతకాలము తానెరుగకయే మిల్లునకు సేవకుడై యుండును; నూలు ఇచ్చుటయు మానుటయు మిల్లువాని చిత్తము. ఈ దృష్టితోనే ఆయన రాట్నమును పట్టుకొనెను. 1924లో ఢిల్లీలో ఒక సంభాషణమున కుట్టుమిషనును మాత్రము ఆయన మెచ్చుకొని మినహాయించెను. అట్టి మిషనులు చేయు కార్ఖానాలు ప్రభుత్వము చేతిలో ఉండవలెనని కూడ చెప్పెను. అంటే ఆయన కోపము ఇనుము మీద కాదని, ఆ యినుమును పట్టుకొన్న చేతిమీద యని అప్పటికే తేలినది.

గాంధీగారి నిదానము సరియైనది. మందు షోలాపురమునకు పట్టలేదు. చేతితో వడికిన నూలుతో నేసినదే ఖద్దరు అను నియమమువలన మిల్లునూలు నేయు ఈ పట్టణపు చేనేతగాండ్రు ఆ యుద్యమపు ఆర్థిక రక్షణకు వెలుపలనే నిలిచిపోయిరి. దేశభక్తిలో మాత్రము ఈ పట్టణము ఎవరికిని తీసిపోలేదు. 1930 మే నెలలో గాంధీగారి నిర్బంధమునకు పిమ్మట ఇచట సైనిక శాసనము విధింపబడినది. 1931 జనవరి 12న మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ శిందే, శ్రీకిసన్ సారడా అను నలుగురు ఉరితీయబడిరి. స్వరాజ్యమునకై ప్రాణములిచ్చిన పట్టణము ఇది. నూలు స్వరాజ్యము మాత్రము దానికి దొరకలేదు.

నేతగానికిని యంత్రమునకును గల వైరమునకు ఐరోపాలో ప్రసిద్ధమైన ఉదాహరణము ఫ్రాన్సు దేశపు లియాన్ నగరము. బొమ్మలు నేయు జకార్డు యంత్రము 1804 ప్రాంతమున అచటనే పుట్టినది. షోలాపురపు చద్దరుమీది నెమళ్లును పూలును ఆ యంత్రపు సంతానమే. నేతగాని తలలో ఉండిన బొమ్మను చిల్లులు పొడిచిన అట్టలమీదికి దింపినది అది. ఆ అట్టలు చేతనున్నవానికి, బొమ్మ తెలిసిన నేతగాని అవసరము తగ్గినది. మొదట లియాన్ నేతగాండ్రు దానిని ద్వేషించిరి. కాని 1831 నవంబరులో వారు నిజముగా తిరుగబడినది జకార్డుమీద కాదు. నేసిన బట్టకు ఇంత తక్కువ కాని కూలి యీయవలెనని నిర్ణయింపబడిన రేటును వర్తకులు త్రోసిపుచ్చగా తిరుగబడిరి. అప్పటికి జకార్డు వారికి అలవాటై పోయినది. రేటు నిర్ణయించు అధికారము ఎవరిదన్న ప్రశ్న మాత్రము తీరలేదు.

యంత్రము నిందితుడు కాదనుటకు అంతకంటె బలమైన సాక్ష్యము అశోక్ చౌక్ చుట్టుపట్ల ప్రతి యింటి గడపలోనే కలదు. అది బీడీ. మగ్గముమీద మగవాడు, బీడీలచేటముందు ఆడుది, ఇది ఈ పేటల సంసారము. బీడీలు చుట్టుటకు యంత్రము లేదు. ఒక చేట, ఒక కత్తెర, దారపు ఉండ, అమ్మయో అత్తయో నేర్పిన వేళ్ల నేర్పు, ఇంతే. పని ఇంటిలోనే, వేళ తనదే, పిల్లవానికి అన్నము పెట్టి వచ్చి చుట్టవచ్చును. యంత్రము లేనిచోట స్వేచ్ఛ యుండునను వాదము నిజమైనచో, షోలాపురమున బీడీలు చుట్టు స్త్రీకంటె స్వతంత్రురాలు ఉండరాదు. జరుగుచున్నదేమి? ఆకు కార్ఖానాది; తంబాకు కార్ఖానాది; తూచు త్రాసు కార్ఖానాది; చుట్టి తెచ్చిన బీడీలలో ఏది మంచిది, ఏది చెడ్డది యని ఏరివేయు చేయి కార్ఖానాది. ఆకు చెడిపోయినదైనను, తక్కువైనను, వేయి బీడీల లెక్క మాత్రము తగ్గరాదు. తగ్గినచో బజారులో ఆకు కొని నింపవలసినది ఆమెయే. కంటికి కనబడు గొలుసు ఒక్కటియు లేదు. లెక్క మాత్రము మొదలునుండి చివరవరకు పరుల చేతిలోనిది.

ఈ స్థితిలో మార్పు వచ్చినంతవరకు అది యంత్రమువలన గాని, యంత్రమును త్రోసివేయుటవలన గాని రాలేదు. 1966లో పార్లమెంటు చేసిన బీడీ, సిగారు కార్మికుల చట్టము ఇంటిలో కూర్చుండి చుట్టు స్త్రీని కూడ కార్మికురాలిగా గుర్తించినది. ఆకు పంపిణీ, బీడీల త్రోపుడు, త్రోసిన బీడీల కూలి మొదలగు తగవులను విచారించుటకు దారి చూపినది. కాగితముమీది హక్కు చేతికి వచ్చుటకు మాత్రము సంఘములు, ఊరేగింపులు, ఏండ్లు కావలసివచ్చినవి. నగరపు అంచున కుంభారి వద్ద గోదూతాయి పరులేకర్ పేర బీడీ కార్మికురాండ్రకు 10,000 ఇండ్ల కాలనీ 2006 నాటికి నిలిచినది. దాని వెనుక మాజీ శాసనసభ్యుడు నర్సయ్య ఆడం నడిపిన ఉద్యమము కలదు. ఇంటిలోనే పని చేయు మనుష్యునికి ఇల్లే కార్ఖానా. అద్దె యింటిలో ఉన్నంతకాలము కార్ఖానా నేల కూడ పరులదే. ఆ సంగతి గ్రహించిన ఉద్యమము కనుక అది కూలి రేటుతో ఆగక ఇంటి గోడను కూడ అడిగినది.

ఇక చిన్నవారి అభిప్రాయము. మరమగ్గము తెచ్చిన మేలును కాదనుట అన్యాయము. గుంటలోని తడి, కీళ్ల నొప్పి, దినమంతయు నేసినను నాలుగు మూరలకు మించని బట్ట, వీనిని తీయని కథలుగా చెప్పువారు ఆ గుంటలో కూర్చుండి యుండరు. షోలాపురపు చద్దరును, తువాలును దేశ దేశములకు పోవునట్లు చేసినది మరమగ్గమే. కాని మరమగ్గము వచ్చిన తీరును చూడవలెను. స్వాతంత్ర్యము వచ్చిన తొలి యేండ్లలో దేశమున దీనిని గూర్చి పెద్ద వాదము నడచినది. నిత్యానంద కానుంగో అధ్యక్షతన 1954లో నివేదిక యిచ్చిన సంఘము చేమగ్గములను క్రమముగా మెరుగైన మగ్గములుగాను, మరమగ్గములుగాను మార్చవలెనన్నది. 1955లో కార్వే సంఘము ఉపాధి పోవునను భయముతో చేమగ్గపు రక్షణమునే కోరినది. వాదము ఢిల్లీలో సాగుచుండగనే నేతపట్టణములలో మరమగ్గములు తమ దారిన తాము పెరిగిపోయినవి. మిల్లులు తీసివేసిన పాత మగ్గములను కొని, రేకుల కప్పు క్రింద నాలుగు, ఎనిమిది పెట్టుకొనినవారే అనేకులు. 1985లో చేమగ్గములకు 22 రకములను ప్రత్యేకించు చట్టము వచ్చినది. 1993లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. రకములు తరువాత 11కు తగ్గినవి. ఆనాటికి షోలాపురమున సామాన్యుని బ్రతుకు మరమగ్గముతో ముడిపడి యుండెను.

ఈ రేకుల షెడ్డునకు ఆకారము నిచ్చినది ఒక అంకె. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ప్రకారము, విద్యుత్తుతో నడచుచోట పదిమందియో అంతకెక్కువయో పనిచేసిననే అది ఫ్యాక్టరీ. తొమ్మిదిమంది ఉన్నచోట పని గంటలకు, సెలవునకు, గాలి వెలుతురులకు ఆ చట్టము అడ్డురాదు. కనుక దేశమందలి మరమగ్గపు పట్టణములలో ఒకే కుటుంబపు మగ్గములు అన్న పేర కొన్ని, తమ్ముని పేర కొన్ని, భార్య పేర కొన్నిగా చీలినవి. మధ్య గోడ లేచినది. గోడకు ఈవలనున్న నేతగానికిని ఆవలనున్న నేతగానికిని యజమాని ఒక్కడే, చప్పుడు ఒక్కటే, చట్టమునకు మాత్రము రెండు చిన్న చిన్న సంసారములు. పన్నెండు గంటల పాళీ మరమగ్గపు స్వభావము కాదు. అదే మగ్గము మిల్లులో ఎనిమిది గంటల పాళీతో నడచినది. మిల్లునుండి రేకుల షెడ్డునకు వచ్చినప్పుడు ఇనుము మారలేదు, ఆ యినుమును చుట్టియున్న చట్టము మారినది. ఇట్టి నేతగానిని చూచి యంత్రము బానిసను చేసినదనుట ఎంత పొరపాటో, యంత్రము విముక్తుని చేసినదనుటయు అంతే పొరపాటు. 2020లో పార్లమెంటు ఆమోదించిన కోడు ఆ పదిని ఇరువది చేసినది. మధ్యగోడ కట్టు శ్రమ కూడ పలువురకు తగ్గినది.

యజమాని అనబడువాని స్థితి కూడ ఒక్క మాటలో తేలునది కాదు. నాలుగు మగ్గములవాడు చాలమారులు నూలు వర్తకుని నూలును జాబుకు తెచ్చి నేయించి, మజూరీ మాత్రము తీసికొనువాడు. మగ్గము అతనిది, కరెంటు బిల్లు అతనిది, విరిగిన చక్రము అతనిది. నూలును, బట్టను, ధరను పరులవి. కూలి నేతగాడు అతనిని సేఠ్ అనును. అతడు నూలు వర్తకుని సేఠ్ అనును. కాకడే గారి కాలపు రెండవ తరగతి మనుష్యుడే ఇనుప వేషముతో తిరిగి వచ్చినాడని చెప్పవచ్చును.

సంస్థల యధికారమును గూర్చి ఆలోచించువారు షోలాపురము భారత రాజ్యాంగ చరిత్రలో కెక్కిన కథను మరువరాదు. 1949లో షోలాపురపు స్పిన్నింగ్, వీవింగ్ మిల్లు, అనగా ఆ జూనీ మిల్లే, యాజమాన్యపు దోషమువలన మూతబడినది. 1950 జనవరిలో కేంద్రప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా దాని నిర్వహణమును చేతిలోనికి తీసికొని, పిమ్మట చట్టము చేసినది. అత్యవసర వస్తువు ఉత్పత్తి చెడినదనియు, కార్మికులు నిరుద్యోగులైరనియు ఆ చట్టమునకు కారణములు చెప్పబడినవి. ఒక వాటాదారు సుప్రీంకోర్టునకు పోయెను. ఒక్క కంపెనీకై ప్రత్యేకముగా చట్టము చేయుట సమానత్వమునకు విరుద్ధమా యను ప్రశ్న వచ్చినది. 1950 డిసెంబరు 4న అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు ప్రభుత్వపక్షమును సమర్థించిరి. పతంజలి శాస్త్రి, ఎస్. ఆర్. దాస్ భిన్నాభిప్రాయము నిచ్చిరి. మరల మరియొక వాటాదారు వ్యాజ్యము తెచ్చెను. 1953 డిసెంబరు 18న సుప్రీంకోర్టు, పరిహారము లేక కంపెనీ ఆస్తిని హరించుట చెల్లదని తీర్పు చెప్పినది. దానికి సమాధానముగా 1955లో రాజ్యాంగమునకు నాల్గవ సవరణము వచ్చినది. చివరకు 1978 నాటి నలుబదినాల్గవ సవరణముతో ఆస్తిహక్కే ప్రాథమిక హక్కుల జాబితానుండి తొలగినది.

ఈ తీర్పులు చదివినవారికి ఒక సంగతి వెంటనే తోచును. పుటలకొలది వాదములో వాటాదారుని స్వేచ్ఛ యెంత, ప్రభుత్వపు అధికార మెంత, కంపెనీ యనునది పౌరుడా కాదా యను చర్చ అతి సూక్ష్మముగా సాగినది. మిల్లు గేటువద్ద నిలిచియున్న కార్మికుడు చట్టపు పీఠికలో కారణముగా కనబడును. కక్షిదారుగా ఎచటను కనబడడు. మిల్లు మూయుటకు గాని తెరచుటకు గాని వానిని అడుగు ఏర్పాటు ఇరుపక్షములవారిలో ఎవరికిని అవసరముగా తోచలేదు. న్యాయమూర్తుల దోషము కాదిది. వారి యెదుటకు వచ్చిన ప్రశ్నకు వారు సమాధానము చెప్పిరి. ఆ ప్రశ్నను తెచ్చుటకు వలయు శక్తి వాటాపత్రము గలవానికి ఉండెను, మగ్గము నడపువానికి లేకుండెను. ఇంతటి పోరాటమునకు హేతువైన మిల్లు 1960ల దశకములో మరల మూతబడినది. ఈసారి సుప్రీంకోర్టు గ్రంథములకు కెక్కలేదు.

పరుల సంస్థలను విమర్శించుట సులభము. తెలుగువారి స్వంత సంస్థల విషయము కొంత కష్టతరమైనది, కాని దాటిపోదగినది కాదు. పరభాషా రాష్ట్రమున తెలుగు బడి, మార్కండేయ స్వామి గుడి, సహకార వైద్యశాల నిలిపినవారు ఈ నేతపేటల పెద్దలు. వారి కృషి లేనిచో భాషయే మిగిలి యుండెడిది కాదు. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయుని రథము పట్టణపు వీధులలో సాగునప్పుడు కార్ఖానాదారును, కూలి నేతగాడును ఒకే త్రాడు పట్టుదురు. ఆ దృశ్యము మనోహరమైనది, అబద్ధము కాదు. మరునాడు షెడ్డులో కూలి రేటు మాట వచ్చినప్పుడు, "మనవాడే కదా, ఇంటిమాట వీధికేల?" అను వాక్యము మాత్రము ఆ త్రాడునకు అవతలి కొస. మామ, బావ, అన్న యను వరుసలు కష్టకాలమున అప్పు పుట్టించును, పెండ్లికి బియ్యము పంపును. అవియే లెక్క పుస్తకము చూపుమని అడుగు నోటిని మూయును. పంచాయితీలో కూర్చుండు పెద్దలు సాధారణముగా మగ్గములు గలవారే యగుట చేత, తీర్పు వారి మంచితనముమీద ఆధారపడును గాని వారి అధికారమునకు హద్దు లేకుండును. మంచివారి పాలనము కూడ అడుగుటకు వీలులేని పాలనమే.

నేడు అశోక్ చౌక్‌లో మూడవ యంత్రపు మాట వినబడుచున్నది. నాడె లేని మగ్గము, అట్టలు లేని కంప్యూటరు జకార్డు, ఒక్క మనుష్యునికి అప్పగింపబడు మగ్గముల సంఖ్య హెచ్చుట. 1999లో కేంద్రము ప్రారంభించిన సాంకేతిక నవీకరణ నిధి పథకము బ్యాంకు ఋణముద్వారా నడచినది. హామీ పెట్టగలిగినవానికి వడ్డీ రాయితీ, పెట్టలేనివానికి పాత మగ్గము. 'షోలాపుర చద్దరు' అను పేరునకు భౌగోళిక గుర్తింపు కూడ దొరికినది. ఇతర పట్టణములవారు ఆ పేరుతో నకిలీ చద్దరులు అమ్మరాదు. పేరునకు రక్షణ మంచిదే. ఆ పేరును దారముతో నేసినవాని మీటరు రేటును గూర్చి ఆ గుర్తింపు ఏమియు చెప్పదు.

పెద్దలు ఈ కొత్త మగ్గమును చూచి మరల స్వేచ్ఛ పోయినదందురు. చిన్నవారు మరల వచ్చినదందురు. ఈ వాదము సాగుచుండగా 2024 జనవరి 19న అదే కుంభారి వైపున రేనగర్‌లో 30,000 ఇండ్ల పథకములో 15,000 ఇండ్లు బీడీ కార్మికురాండ్రకు, మరమగ్గపు కూలీలకు, చేనేతవారికి, మరికొందరు శ్రామికులకు అప్పగింపబడినవి. తాళపుచెవి తీసికొనిన స్త్రీ ఆ యింట మొదట పెట్టుకొనునది దేవుని పటమైనను, రెండవది బీడీలచేటయే. ఆకు మాత్రము ఇప్పటికిని కార్ఖానాదే.